ఆరో రీలులో గిలక

సినిమా పంపిణీ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసిన ఆ మనిషిని అందరూ రీళ్ళక్క అనే పిలిచేవారు. ఊళ్ళు తిరిగి దుమ్ము కొట్టుకుని వచ్చిన సినిమా పెట్టెలు విప్పడం, ఒక్కొక్క రీలునూ చేత్తో తిప్పుతూ చూడడం, చిరిగినచోట కత్తిరించి అతికించి జాయింటు వేయడం, మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించడం ఆమె ఉద్యోగం. ఆఫీసు వెనకవైపు ఒక్క కిటికీ ఉన్న గది ఆమెది. బల్ల మధ్యలో పాలగాజు, దాని కింద దీపం. ఫిలిం అతికించే జిగురుకు మాగిన అరటిపండు వాసన ఉంటుంది. ఆ వాసన ఆమె చీరల్లోకి, జడలోకి, చివరికి దిండులోకి కూడా ఎక్కింది.

పనిలో చెయ్యి తిరిగిన మనిషి. రీలు తిరుగుతుంటే ఫిలిం అంచులను రెండు వేళ్ళ మధ్య జారనిచ్చి, కిటికీలోంచి వీధి చూస్తూనే, "ఇదిగో, ఇక్కడ చిల్లు చిరిగింది," అని టక్కున ఆపేది. కళ్ళు కూడా అంత బాగా పట్టవు, ఆ వేళ్ళు పట్టేవి. "రీళ్ళక్క వేలు పెడితే దొంగ జాయింటు కూడా తానే ఒప్పేసుకుంటుంది," అనేవాడు మేనేజరు.

ఇంట్లో మాత్రం ఆమె 'పెద్దది'. పెద్దది అన్నాక చిన్నది ఒకతె ఉండాలి. ఉండేది. రికార్డుల్లో ఏదో చక్కని పేరు రాయించారు గానీ, పలకడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. పొద్దున లేచింది మొదలు బావి గిలకలా కీచుకీచుమంటూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటుందని తండ్రి దానికి 'గిలక' అని పేరు పెట్టాడు. పెద్దదానికి పదకొండేళ్ళు, గిలకకు ఐదు.

తండ్రి బస్సు కండక్టరు. తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుట్టేది. రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఏడాదంతా రెండే రెండు సంగతుల గురించి మాట్లాడుకునేవారు. ఒకటి ఊరి తిరునాళ్ళు, రెండోది సినిమా. తిరునాళ్ళు పది రోజులు. ఊరవతల మైదానంలో గుంజలు పాతడం మొదలుపెట్టారని తెలిస్తే చాలు, పెద్దదానికి బడిలో పాఠం ఎక్కేది కాదు. రంగులరాట్నం ఇనప చట్రాలు లారీల్లో వచ్చేవి. గాజులకొట్లవాళ్ళు, బొమ్మలవాళ్ళు, బావిలో మోటారు సైకిలు తిప్పేవాళ్ళు, తలకాయ మాత్రమే ఉండి మాట్లాడే ఆడమనిషి ఉందంటూ గుడారం వేసేవాళ్ళు. అన్నిటికంటే దూరంగా, మైదానం చివర, డేరా సినిమా. నేల మీద ఇసుక పోసి, ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు కూర్చునేలా మధ్యలో గోనెపట్టా కట్టేవారు. గాలి వీస్తే తెర ఉబ్బి, కథానాయిక ముఖం కూడా బూరెలా ఉబ్బేది. ఏడుస్తున్న సీనులో అలా ఉబ్బితే ఇసుకలో కూర్చున్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వేవారు. గిలక ఆ నవ్వులకు లేచి, తెర వైపు వేలు చూపించి, "అక్కా, దానికి పంటి నొప్పి!" అని అరిచేది.

ఇదంతా రీళ్ళక్క ముసలితనంలో కూడా నిన్ననో మొన్ననో చూసినట్టు చెప్పేది. చెబుతున్నంతసేపూ ముఖం వెలిగేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. అంత సంతోషంగా ఎలా చెప్పగలిగానా అని తన మీద తనకే అసహ్యం వేసినట్టు, పక్కన ఏ గుడ్డ ఉంటే ఆ గుడ్డ తీసి మడతపెట్టడం మొదలుపెట్టేది.

ఆ ఏడు తిరునాళ్ళలో నిజం సినిమా షూటింగు జరుగుతుందని కబురొచ్చింది. కథలో కథానాయకుడు తిరునాళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాలట, డేరాలూ జనమూ అన్నీ ఖర్చు లేకుండా సిద్ధంగా దొరుకుతాయి కదా అని వాళ్ళు ఈ ఊరు ఎంచుకున్నారట. ఊరు ఊరంతా పిచ్చెత్తిపోయింది. షూటింగులో కనపడాలని ఆడవాళ్ళంతా కొత్త జాకెట్లు కుట్టించుకున్నారు. తల్లికి తల ఎత్తే తీరిక లేదు. తండ్రికి స్పెషల్ బస్సుల డ్యూటీ.

"అమ్మా, మేం పోతాం. అందరూ పోతున్నారు," అని పెద్దది రెండు రోజులు చెవిలో జోరీగలా గోల పెట్టింది.

"సరే, పోండి. చీకటి పడకముందే రావాలి. చెల్లి చెయ్యి వదిలావంటే చూడు," అంది తల్లి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

మధ్యాహ్నం మూడయింది. జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. పెద్దది చెల్లెలికి పీచుమిఠాయి కొనిపెట్టింది. అది సగం తిని, సగం ముఖానికి పూసుకుని, "రాట్నం ఎక్కుదాం అక్కా, రాట్నం ఎక్కుదాం," అని ఒకటే పోరు. అప్పుడే కారు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. వీధి గోడల మీద, కొట్టు తలుపుల మీద, నోటుపుస్తకం అట్ట మీద చూసిన ముఖం, నిజంగా, మెడా చేతులూ కాళ్ళతో సహా కిందికి దిగింది. అతను కెమెరా ముందు నడుస్తుంటే జనం హోరుమన్నారు.

గిలక చెయ్యి జిగటగా ఉంది. చక్కెర పాకమంతా పెద్దదాని అరచేతికి అంటుకుంది. "ఛీ, పాడు చెయ్యి!" అంటూ ఆ పిల్ల చెయ్యి వదిలి, తన చెయ్యి గౌనుకు తుడుచుకుంది. "ఇక్కడే నిలబడు. కదిలావంటే చంపుతా," అంది. తుడుచుకున్న చెయ్యి మళ్ళీ చాచలేదు. మునివేళ్ళ మీద లేచి కథానాయకుణ్ణి చూసింది. ఎంతసేపు చూసిందో ఆమెకు ఏనాడూ సరిగ్గా తెలియలేదు. వెనక్కి తిరిగేసరికి గిలక లేదు.

మొదట కోపం వచ్చింది. రాట్నం దగ్గరికి పోయి ఉంటుంది, దొరకనీ, వీపు విమానం మోత మోగిస్తానని అనుకుంది. రాట్నం దగ్గర లేదు. గాజులకొట్ల దగ్గర లేదు. డేరా సినిమాలో మగవాళ్ళ వైపు కూడా దూరి వెతికింది. అప్పుడు ఏడుస్తూ మైకు ఉన్నచోటికి పరుగెత్తింది.

మైకులో పాట ఆపి చెప్పారు. "ఐదేళ్ళ పాప తప్పిపోయింది. నీలం గౌను. గడ్డం కింద మూడు కుట్ల మచ్చ. ఎవరికైనా కనిపిస్తే..." గడప మీద పడి చిట్లిన గడ్డం అది. చెప్పడం అయిపోగానే పాట ఆగినచోటే మళ్ళీ అందుకుంది. ఆ క్షణం నుంచి పెద్దదానికి మైకు పాట ఎక్కడ వినపడినా, మధ్యలో ఆపి ఇప్పుడు ఏం చెబుతారో అని చేస్తున్న పని ఆపి చెవి ఒగ్గేది.

తల్లి పరుగెత్తుకొచ్చింది. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది. "ఎలా పోయిందే? చెయ్యి పట్టుకోలేదా?" అని భుజాలు పట్టి ఊపింది.

"జనం తోసేశారమ్మా," అంది పెద్దది.

అన్నది అదొక్క మాటే. పోలీసులకూ, తండ్రికీ, బడిలో టీచరుకూ, ఇరుగుపొరుగుకూ అదే మాట. చెప్పగా చెప్పగా ఆ మాటకు కాళ్ళొచ్చి, అదే నడిచి తిరిగింది.

గిలక దొరకలేదు. బావుల్లో వెతికారు, రైలు స్టేషన్లలో కాగితాలు అంటించారు. తండ్రి రూట్లు మార్పించుకోవడం మొదలుపెట్టాడు. ఒక రూట్లో ఊళ్ళన్నీ చూడడం అయిపోతే ఇంకో రూటు. బస్సెక్కిన ప్రతి చిన్నపిల్లనూ గడ్డం పట్టి, ముద్దు చేస్తున్నట్టుగా, పైకెత్తి చూసేవాడు. మంచి కండక్టరు, పిల్లలంటే ప్రాణం అనుకునేవారు తెలియనివాళ్ళు.

ఎనిమిది నెలల తరవాత ఒక మధ్యాహ్నం సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి రొప్పుకుంటూ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మీ గిలక బొమ్మలో ఉంది!"

"ఏ బొమ్మలో?"

"ఇవాళ పడిన కొత్త బొమ్మలోనమ్మా! తిరునాళ్ళ సీను! నా కళ్ళతో చూశాను, ఒట్టు!"

తల్లీకూతుళ్ళు మాట్నీకి పరుగెత్తారు. ఆరో రీలులో వచ్చింది. కథానాయకుడు జనం మధ్య నుంచి నడుచుకుంటూ వస్తాడు. అతని వెనక జనం. కెమెరా వాళ్ళ మీదుగా మెల్లగా జరుగుతుంది. అక్కడ గిలక ఉంది. నీలం గౌను, చేతిలో గులాబీ రంగు పీచుమిఠాయి పుల్ల, నోరు తెరుచుకుని నేరుగా తెరలోంచి ఇటే చూస్తోంది. నాలుగు సెకన్లు. హాలంతా కథానాయకుడికి ఈలలు వేస్తుంటే తల్లి బెంచీ ఎక్కి నిలబడి, "గిలకా! ఒసే గిలకా! ఇటు చూడవే!" అని కేకపెట్టింది. వెనకనుంచి ఎవరో "కూర్చోవమ్మా, తెర కనపడటం లేదు," అని విసుక్కున్నారు.

అది మొదలు తల్లి రోజూ మాట్నీకి పోయేది. ఆరో రీలు పడే వేళకు మిషను ఆపి, దారం తెంపి, చెప్పులేసుకునేది. మొదటి వారం తరవాత గేటు దగ్గర మనిషి టికెట్టు అడగలేదు, తలుపు ఓరగా తీసి పట్టుకునేవాడు. చీకట్లో గోడకు ఆనుకుని నిలబడి, నాలుగు సెకన్లు చూసి, వచ్చి మళ్ళీ మిషను తొక్కేది. బొమ్మ నాలుగు వారాలు ఆడింది. తరవాత పక్క ఊరికి పోతే బస్సెక్కి అక్కడికి పోయింది. "సినిమాలో తప్పిపోయినవాళ్ళు ఆఖరి రీలులో గాని దొరకరే. పదహారో రీలు దాకా ఓపిక పట్టాలి, మనమింకా ఆరులోనే ఉన్నాం," అనేది పెద్దదానితో. నవ్వించడానికే అనేదో, నమ్మే అనేదో పెద్దదానికి అంతుపట్టేది కాదు.

పెద్దది మాత్రం ఆ సీను వచ్చినప్పుడల్లా చెల్లెలి ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. ఒక్కోసారి అదీ చూడలేక కళ్ళు మూసుకునేది.

తండ్రి గుండె ఆగి పోయేనాటికి పెద్దదానికి పంతొమ్మిదేళ్ళు. ఇల్లు గడవాలి. ఆ సినిమాను ఆ చుట్టుపక్కల పంపిణీ చేసే ఆఫీసులో రీళ్ళు చూసే పని ఖాళీ ఉందని తెలిసి చేరిపోయింది. వేరేచోట కూడా పని దొరికేది. కానీ ఆ పెట్టెలు ఉండేది ఇక్కడే. ఆ సినిమా ప్రింట్లు రెండుండేవి. ఒకటి ఆమె చేరకముందే ఏదో హాల్లో మంటల్లో కాలిపోయింది. మిగిలింది ఒక్కటే.

చేరిన నాలుగో నెలలో ఆ పెట్టె వచ్చింది. తలుపు గడియ పెట్టి ఆరో రీలు తీసి పాలగాజు మీద పరిచింది. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల లెక్కన తొంభై ఆరు గిలకలు, ఒకరి కింద ఒకరు, వేలెడు వెడల్పున. చాలాసేపు అలాగే చూసింది. తరవాత కత్తెర తీసి ఒక్క బొమ్మ కత్తిరించుకుంది. ఒక్కటి పోతే ఎవరికీ తెలియదు, తెర మీద కంటిరెప్ప పాటు కూడా కాదు. రెండు చివరలూ గీకి, జిగురు రాసి, అతికించింది. ఆ బొమ్మను పౌడరు డబ్బాలో దాచింది.

ఒక్కటితో ఆగి ఉంటే బాగుండేది. పెట్టె తిరిగి వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది కాదు. దీన్లో కళ్ళు బాగా తెరుచుకుని ఉన్నాయి, దీన్లో పన్ను కనపడుతోంది, దీన్లో ఏదో అనబోతున్నట్టుంది. ఏదో ఒక సాకు. ఏడాదికి మూడు దాకా. పెళ్ళయింది, ఆ ఆఫీసులోనే పోస్టర్లు చుట్టే గుమాస్తాతో. అతనికి కూడా పౌడరు డబ్బా సంగతి చెప్పలేదు. తొమ్మిదేళ్ళలో డబ్బాలో ఇరవై ఏడు గిలకలు చేరాయి.

సినిమా పాతబడింది. ఎప్పుడో ఆదివారం పొద్దుటి ఆటకో, తిరునాళ్ళ డేరాలకో తప్ప అడిగేవాళ్ళు లేరు. తల్లికి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేదు. ఒక ఆదివారం రెండు వీధుల అవతలి హాల్లోనే ఆ సినిమా వేశారు. తల్లి గోడలు పట్టుకుంటూ పోయి వచ్చింది. పెద్దది వంటింట్లో ఉంది. తల్లి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ గిలక రాలేదే," అంది.

"రాకపోవడమేమిటమ్మా? నువ్వు ఆలస్యంగా పోయి ఉంటావు."

"మొదటినుంచీ కూర్చున్నాను. ఆయన నడుచుకుంటూ వచ్చాడు. జనం వచ్చారు. గాజులకొట్టు వచ్చింది. ఇది రాలేదు."

పెద్దది పొయ్యి ఆర్పి హాలుకు పరుగెత్తింది. ఆపరేటరు మిషను తుడుచుకుంటున్నాడు. ఎప్పటినుంచో తెలిసినవాడే.

"ఆరో రీలులో తిరునాళ్ళ ముక్క ఏమయింది?" అని అడిగింది.

"ఏం చెప్పమంటావు రీళ్ళక్కా! అక్కడన్నీ జాయింట్ల మీద జాయింట్లు. ఆట ఆటకీ అక్కడే తెగుతోంది. మొన్న డేరాలో కూడా తెగిందట, వాళ్ళు కొంత కోశారు. పొద్దున ఆటకు ముందు వేసి చూసుకుంటే రెండుసార్లు తెగింది, ఆటలో తెగితే జనం కుర్చీలు విరగ్గొడతారు. విసుగొచ్చి మొత్తం తీసేసి రెండు చివర్లూ కలిపేశాను. ఎవడో దరిద్రుడు వరసగా బొమ్మలు కత్తిరించుకున్నట్టున్నాడు, వాడి చేతులు పడిపోను."

"ఆ తీసిన ముక్క?"

"ఇక్కడే పారేశాను. ఊడ్చేసి ఉంటుంది పనిమనిషి."

హాలు వెనక చెత్తకుప్పలో మధ్యాహ్నం దాకా వెతికింది. టికెట్ల చీటీలు, వేరుశనగ తొక్కలు, మిషను దీపంలో కాలిన బొగ్గుపుల్లలు. మసిబారిన బొగ్గుల మధ్య అరచేతిలో పట్టేంత ఫిలిం ముద్ద దొరికింది, కరిగిపోయి. చెత్తకు అప్పటికే నిప్పు పెట్టారు.

తిరునాళ్ళలో ఒకసారి పోగొట్టింది. ఇది రెండోసారి. అప్పుడు ఒక్క క్షణం, ఇప్పుడు తొమ్మిదేళ్ళు తీరిగ్గా, ఒక్కొక్క బొమ్మ చొప్పున.

ఇంటికి వచ్చి పౌడరు డబ్బా తల్లి ఒళ్ళో బోర్లించింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. కొడుతుందనుకుంది. తల్లి కొట్టలేదు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు వాడే భూతద్దం తెచ్చుకుని, కిటికీ వెలుతురుకు ఒక్కొక్క బొమ్మనూ ఎత్తి చూసింది. ఇరవై ఏడూ అయ్యాక ఒకదాన్ని పక్కకు తీసింది.

"దీన్లో నువ్వు కూడా ఉన్నావు, చూసుకున్నావా?" అంది చివరికి.

తల్లి బొమ్మను, భూతద్దాన్ని చేతికిచ్చింది. చెల్లెలికి పక్కన, బొమ్మ అంచున, సగం తెగిన ఒక పిల్ల ఉంది. ముఖం లేదు, అటు తిరిగి ఉంది. జడ, భుజం, చెయ్యి. ఆ చెయ్యి గౌనుకు తుడుచుకుంటోంది. ఇన్నేళ్ళు వేళ్ళతో తడిమిన ఫిలింలో, దీపం మీద పెట్టి చూసిన ఫిలింలో, ఆ అంచున ఉన్నది ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"మిమ్మల్ని తోసిన జనమెవరూ లేరు," అంది తల్లి. "మీ ఇద్దరి చుట్టూ జానెడు ఖాళీ ఉంది."

"ఎప్పుడు చూశావమ్మా?"

"మొదటి ఆటలోనే."

"మరి ఎందుకు అడగలేదు?"

తల్లి బొమ్మలు ఏరి డబ్బాలో వేస్తూ, "అడిగితే ఏమయ్యేది? నాకు ఉన్నదొక్కతివి," అంది. ఆ తరవాత ఏడేళ్ళు బతికింది గానీ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పెద్దది మాత్రం తల్లి చూపు తనమీద పడినప్పుడల్లా, ఆ చూపు ముందు తన చేతుల మీదే పడుతున్నట్టు అనిపించి, చేతులు కొంగులో దాచుకునేది. అన్నేళ్ళూ ఆటలకు పోయి తల్లి చూసివచ్చింది తప్పిపోయిన కూతుర్ని మాత్రమే కాదని, చెయ్యి వదిలిన కూతుర్ని కూడానని, చూసి వచ్చి ఆ వదిలిన కూతురికే భోజనం వడ్డించిందని తలచుకుని ఆమె తింటున్న కంచం పక్కకు జరిపేది.

కాలం మారింది. హాళ్ళలోకి రీళ్ళు రావడం మానేశాయి. ఆఫీసు మూసేశారు, పెట్టెలన్నీ పాతసామానువాడు లారీలో వేసుకుపోయాడు. రీళ్ళక్క ఇంట్లో కూర్చుంది. తిరునాళ్ళు మాత్రం ఏటా జరుగుతూనే ఉన్నాయి. ఆమె ఎన్నడూ పోలేదు. అయినా మైకు పాట వినపడితే కిటికీ మూయదు, తెరుస్తుంది. పాత సినిమా పాట వస్తే పెదవులు వాటంతటవే కదులుతాయి. "పోకూడదంటావు, వింటావు. అదేం లెక్కో నాకర్థం కాదు," అనేవాడు భర్త. ఆమెకూ అర్థం కాదు. ఆ ఇసుక, ఆ ఉబ్బిన తెర, ఆ నవ్వులు లేకపోతే గిలకను ఎక్కడని తలచుకోవాలి? దాన్ని మింగిన చోటే దాని నవ్వు కూడా ఉంది.

ఆమె కూతురు ఆసుపత్రిలో నర్సు. ఒకనాడు పౌడరు డబ్బాలోని ఆ బొమ్మల్లో ఒకదాన్ని కిటికీకి ఆనించి ఫోనుతో ఫోటో తీసి, కింద తప్పిపోయిన పిన్ని గురించి నాలుగు ముక్కలు రాసి, ఊరికే నలుగురికి పంపింది. అది నలుగురితో ఆగలేదు. ఆ నెలంతా ఫోన్లే. నేనే గిలకనని ఐదుగురు ఫోన్లు చేశారు, అందులో ఒకాయన మగవాడు. "సినిమావాళ్ళం మనం, కథలు మనకే చెబుతారేంటి," అని భర్త నవ్వాడు. రీళ్ళక్క నవ్వలేదు. ప్రతి ఫోనుకూ లేచి నిలబడే మాట్లాడింది.

ఒక బుధవారం పొద్దున ఫోను చెయ్యకుండా ఒకామె నేరుగా గుమ్మంలోకి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతులు ఎర్రగా, సబ్బునీళ్ళలో నాని నాని ముడతలు పడి ఉన్నాయి. ఎక్కడో ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట పనట. రెండు బస్సులు మారి వచ్చింది. చిన్నప్పుడు ఏదో తిరునాళ్ళలో తప్పిపోయింది. అనాథాశ్రమంలో పెరిగింది. ఏ ఊరో గుర్తులేదు. రాట్నం కిర్రుమనడం, ఎవరివో గాజుల చెయ్యి, అంతవరకే గుర్తు.

రీళ్ళక్క ఆమెను వెలుతురులో కుర్చీలో కూర్చోబెట్టింది. గడ్డం చూసింది. నున్నగా ఉంది. అయినా కిటికీ రెక్క ఇంకొంచెం తీసి మళ్ళీ చూసింది.

"మా చెల్లెలికి ఇక్కడ కుట్లు పడ్డాయమ్మా," అంది మెల్లగా.

"తెలుసండీ. ఫోటో కింద రాశారు కదా. అద్దంలో చూసుకునే వచ్చాను."

"మరి, కాదని తెలిసి కూడా ఇంత దూరం..."

ఆమె తల వంచుకుని చేతిసంచి పట్టీని మెలిపెట్టింది. "మిమ్మల్ని ఒకమాట అడుగుదామని వచ్చాను. తప్పుగా అనుకోకండి. నాకు అడగడానికి మనుషులు లేరు. నా చెయ్యి ఎవరు పట్టుకున్నారో వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మీరు పట్టుకున్నవాళ్ళు కదా. ఎలా వదిలారండీ?"

వంటింట్లో కూతురు గిన్నె కడుగుతూ ఆగిపోయింది. 'జనం తోసేశారు' అన్న మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది, యాభై ఏళ్ళుగా అక్కడే కాపురం ఉంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి దాన్ని మింగేసింది.

"పీచుమిఠాయి తిని దాని చెయ్యి జిగటగా ఉంది. నాకు అసహ్యం వేసింది. వదిలేసి నా చెయ్యి తుడుచుకున్నాను. సినిమా ఆయన్ని చూస్తూ మళ్ళీ పట్టుకోలేదు. ఎవరూ తొయ్యలేదు," అంది.

"అంతేనా?"

"అంతే."

వచ్చినామె ముఖం ఎర్రబడింది. గబుక్కున లేచి వరండాలోకి పోయి, కటకటాలు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. వెళ్ళిపోతుందనుకుంది రీళ్ళక్క. ఆపే హక్కు తనకు లేదనుకుంది. వీధిలో కూరగాయల బండి పోయింది. కాసేపటికి ఆమె లోపలికి వచ్చి, "మంచినీళ్ళు ఇస్తారా," అంది. గ్లాసు మొత్తం ఖాళీ చేసింది.

"నన్ను కావాలనే వదిలించుకున్నారనుకునేదాన్నండీ," అంది. "ఆడపిల్లనని, తిండికి దండగని, ఏదో పెద్ద కారణమే ఉంటుందనుకునేదాన్ని. చెయ్యి జిగటగా ఉండి కూడా పోతారా మనుషులు?"

రీళ్ళక్క ఖాళీ గ్లాసు అందుకుంది.

"మీరు తరవాత... మరిచిపోయారా ఎప్పుడైనా?"

"పెళ్ళినాడు కాసేపు. కూతురు పుట్టినరోజున ఒక పూట. లెక్కపెడితే అంతే."

"అయితే మావాళ్ళు కూడా ఇలాగే ఉండి ఉంటారంటారా? ఇన్నేళ్ళూ?"

"ఉండి ఉంటారమ్మా."

ఆమె మెలిపెట్టిన సంచి పట్టీని చేత్తో సాపు చేసింది. "పాపం," అంది. ఎవరిని అన్నదో అడగడానికి రీళ్ళక్కకు ధైర్యం చాలలేదు.

భోజనం చేసి వెళ్ళమంటే మొదట వద్దంది, తరవాత కూర్చుంది. తింటూ, తమ ఆసుపత్రిలో దుప్పట్లు ఎన్ని నీళ్ళలో ఉడికిస్తారో, మరకల్లో ఏ మరక మొండిదో చెప్పింది. రీళ్ళక్క ఫిలిం జిగురు వాసన గురించి, ఉబ్బిన తెర గురించి చెప్పింది. కథానాయికకు పంటి నొప్పన్న గిలక మాట చెప్పేసరికి వచ్చినామెకు పొలమారి, నవ్వుతూనే దగ్గింది. రీళ్ళక్క ఆమె నెత్తి మీద తట్టింది. ఆమె ఆ చెయ్యి కిందనుంచి తల కొంచెం పక్కకు జరుపుకుంది, మర్యాదగానే.

మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. ఫోను నంబరు ఇచ్చింది గానీ, "నేనే చేస్తాలెండి, మీరు చెయ్యకండి," అంది. కూతురు గుమ్మంలోకి వచ్చి తల్లి పక్కన నిలబడింది. తల్లి చెప్పిందంతా విన్నది. అడగాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"అమ్మా, టీ పెట్టనా?" అంది.

"పెట్టు," అంది రీళ్ళక్క. వీధి మలుపు దగ్గర ఆ దుప్పట్లామె వెనక్కి తిరిగి చూడకుండా జనంలో కలిసిపోయింది. ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర ఎక్కడిదాకా కనపడుతుందో అక్కడిదాకా చూసి, ఇక కనపడనప్పుడు కూడా రీళ్ళక్క కాసేపు అక్కడే నిలబడింది.